పరకాయప్రవేశము: ఒక ఇంజను ఆత్మకథ

శంకరాచార్యులవారు అమరుక మహారాజు కళేబరమున ప్రవేశించిన కథను వినని తెలుగువారు అరుదు. ఆ మహానుభావుని పూర్వదేహమును శిష్యులు గుహలో దాచి పగలురేయి కాపాడిరట. నా పూర్వదేహమునకు అట్టి శిష్యులు లేకపోయిరి. దానిని గ్యాసు కట్టరుతో ఖండఖండములుగా కోసి పాత యినుము తూకమునకు పంపిరి. నాలో ఇంకను ప్రాణమున్నదని గుర్తించిన పుణ్యాత్ముడెవడో చైను కప్పీతో నన్ను పైకి లాగించి, టార్పాలిను కప్పించి, లారీపై బెజవాడ ఆటోనగరమునకు తరలించెను.

నేను ఇసుజు వంశమున పుట్టినవాడను. జపాను దేశపు రూపకల్పన, మనదేశపు పోత. హిందుస్థాన్ మోటార్సువారు 1984లో కాంటెస్సా అను నిడుపాటి కారును, ఇంగ్లండు దేశపు వాక్స్‌హాల్ కారు ఆకృతిలో, విపణివీధికి తెచ్చినప్పుడు, అంత దేహమును లాగుటకు అంబాసిడరులోని 1489 సి.సి. బి.ఎం.సి. ఇంజనునే నియోగించిరి. పాపము, సుమారు 50 అశ్వశక్తుల ఆ వృద్ధుడు రాజవాహనమును మోయబూని ఆయాసపడుచుండగా, ఆ దశకము చివర 1817 సి.సి. గల మావారిని ఆ స్థానమున కూర్చుండబెట్టిరి. కావున ఆ వృద్ధుని పీఠమును ఆక్రమించుట మా వంశమునకు క్రొత్త గాదు. నా కథయందు అది రెండవమారు జరిగినది, అంతే.

కాంటెస్సాలో నా జీవితమును గూర్చి విస్తరింప పనిలేదు. సముద్రతీర నగరమున నివసించితిమి. ఉప్పుగాలి రేకులను తినివేసినది. తలుపుల క్రింద వ్రేలు పెట్టిన పొడిపొడిగా రాలుచుండెను. నాకు మాత్రము గాలివలన భయము లేదు, నూనె కరవైననే భయము.

ఇక నేను ప్రవేశింపవలసిన దేహము: తెనాలి వకీలుగారొకరికి తండ్రి విడిచిపోయిన మార్కు రెండు అంబాసిడరు, 1960ల నాటిది. మూడవ శ్రేణి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మూసలతో, వంగదేశమున హుగ్లీ నది ఒడ్డునున్న ఉత్తరపారాలో పుట్టిన కులీనురాలు. ముందు చక్రములకు టార్షన్ బార్లు, వెనుక కమాను కట్టలు, పంచెకట్టు చెదరకుండ ఐదుగురు కూర్చుండగల విశాలమైన ఆసనములు. ఇంట రెండు పెండ్లిండ్లు ఆ కారులోనే ఊరేగినవట. దానిని అమ్ముటకు వకీలుగారికి మనసొప్పలేదు. గుంటూరు కోర్టునకు రహదారి మీద దాని మందగమనముతో పోవుటకు ఓపికయు లేదు. ఇసుక లారీని దాటవలెనన్న సంకల్పము కలుగుటకును, దాటుటకును నడుమ ఒక వాయిదా గడచునంత కాలము పట్టుచున్నదని ఆయన మొర.

దానికి ఆటోనగరపు మేస్త్రి ఇచ్చిన సమాధానమును నేను బల్లమీద నుండి విని, నా జన్మమున వినిన మాటలలోకెల్ల సత్యమైనదిగా భావించితిని.

“ఇంజను మార్చటం ఎంతసేపండీ బాబుగారూ! మిగతాదంతా మార్చాలి, అదీ పని.”

వకీలుగారు నవ్విరి. తరువాత నవ్వలేదు.

మొదట తొలగింపబడిన వృద్ధుని గూర్చి ఒకమాట చెప్పకుండుట న్యాయముకాదు. ఆయన సిలిండరు వ్యాసము 73 మిల్లీమీటర్లు, పిస్టను నడక దాదాపు 89. సన్నని నూతిలో లోతుగా మునిగి లేచుట ఆయన స్వభావము, కనుకనే నిదానముగా నడచుచు బరువు లాగుటలో ఆయనను మించినవాడు లేడు. నా వ్యాసము 84, నడక 82. పరుగెత్తుట నా స్వభావము. ఆయన క్యాంషాఫ్టు పొట్టలో ఉండి పొడుగాటి కడ్డీలతో వాల్వులను త్రోయును, నాది నెత్తినే తిరుగును. ఐనను ఏ పల్లెటూరి చెట్టుక్రింద ఆగినను ఆయన నాడి తెలిసిన వైద్యుడొకడు స్పానరుతో ప్రత్యక్షమగును. నా విషయమున అట్టి హామీ ఎవ్వరును ఈయలేరు. వారము తిరుగకమునుపే ఆయన మరియొక అంబాసిడరునకు అమ్ముడుపోయెను.

అమరుకుని శరీరము ఒక్క ఎముక మార్చకయే యోగిని భరించినది. నా ఆతిథేయి దేహమునకు అట్టి సౌకర్యము లేకపోయెను. నన్ను కప్పీకి వ్రేలాడదీసి లోనికి దించగానే నా ఆయిల్ సంపు క్రాస్‌మెంబరును తాకినది. ఈ కారునకు వేరుగా చట్రము లేదు, శరీరమే చట్రము. కావున నన్ను నిలుపు ఫౌండేషన్లను ఎచ్చట వెల్డింగు చేయుదురో అచ్చటి రేకు బలమే నా బలము. అదృష్టవశమున ఫ్యాక్టరీవారే 1990ల తొలినాళ్లలో ఇట్టి ఇంజనును అంబాసిడరులో బిగించి 1800 ఐ.ఎస్.జడ్. అను పేర అమ్మియుండిరి. అట్టి కారొకటి తుక్కునకు వచ్చినదని విని మేస్త్రి దాని ఫౌండేషన్లను, సంపును సంపాదించుకొని వచ్చెను. అయిదు గేర్ల పెట్టె నా వెంటనే వచ్చినది. అది నేలగేరు గనుక స్టీరింగ్ ప్రక్కనున్న పాత గేరు కర్రకు పని పోయినది. నడుమ నేలరేకు కోయుచున్నప్పుడు వకీలుగారు బయటకు పోయి నిలుచుండిరి. ప్రొపెల్లర్ షాఫ్టును లేతు మీద కోసి, అతికి, సమతూకము చేయించిరి. అయినను తొలి పరుగులో వెనుక సీటు వణకినది, మరల విప్పిరి. డైనమో పోయి ఆల్టర్నేటరు వచ్చినది, దానితో వైర్లన్నియు క్రొత్తవి. పాత రేడియేటరుతోనే సరిపెట్టుదమని తలచినవారికి, కాజ టోలుగేటు వరుసలో మే నెల మధ్యాహ్నము నేను ఆవిరి చిమ్మి అభిప్రాయము తెలిపితిని.

అన్నిటికంటె ముఖ్యమైన బ్రేకులను గూర్చి చివరకుగాని ఎవ్వరును తలపలేదు. లోకరీతి అట్లే యున్నది. ముందుకు దూకు శక్తికి పైకము వెంటనే దొరకును, ఆగు శక్తికి బేరము మొదలగును. నాలుగు చక్రములకును పాత డ్రమ్ములే ఉంచి నన్ను రహదారిపై విడిచిన, దాటుటకు ముందు లారీ దొరకునుగాని ఆగుటకు రోడ్డు దొరకదని మేస్త్రి పట్టుపట్టి, ముందు చక్రములకు డిస్కులు వేయించెను. నా మీది గౌరవముచేత గాక, వకీలుగారి ప్రాణముమీది గౌరవముచేత.

పిమ్మట రాజశాసనము. ఆర్.సి. పుస్తకమున వ్రాయబడిన ఇంజను సంఖ్య పాతవానిది. నా వీపున చెక్కినది వేరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, ఇంజను మార్పునకు అధికారి ఆమోదము కావలెను. వకీలుగారు ఇతరుల కాగితములను ఏండ్లతరబడి తప్పుపట్టినవారే గాన, తమ కాగితములను కడు శ్రద్ధతో సిద్ధముచేసిరి. నేను ఏ కారునుండి వచ్చితినో, ఎవరు అమ్మిరో, దాని రసీదెక్కడనో అన్నియు చూపి సంఖ్య మార్పించిరి. యోగులకు ఈ బాధ లేదు.

ఇప్పుడు బంధువులు వచ్చినప్పుడెల్ల వకీలుగారు బానెట్టెత్తి నన్ను చూపుదురు. అందరును నన్నే పొగడుదురు. క్రిందికి వంగి ఫౌండేషనును చూచినవాడు, డిస్కును తాకినవాడు ఇంతవరకు లేడు. నేనును ఆ పొగడ్తను పంచిపెట్టునంతటి ఉదారుడను గాను. అయినను ఆ సంతోషము నాకు ఎంతోకాలము నిలుచునట్లు లేదు. నిన్న వకీలుగారి సతీమణి ఎండలకు తాళలేక ఏ.సి. కావలెనన్నారు. సాయంత్రమునకే మేస్త్రి టేపుతో వచ్చి నా ప్రక్కనున్న చోటును కొలిచి, కంప్రెసరునకు బెల్టు, దానికొక బ్రాకెట్టు, అది రావలెనన్న బ్యాటరీకి వేరొక తావు, ఆ వేడికి రెండవ ఫ్యాను అని లెక్క వ్రాయ నారంభించెను.

“చిన్న పనేనండీ,” అనుచున్నాడు.