రేపోమాపో గారు

ఇల్లు అమ్మేసినవాళ్ళంతా ఇల్లు ఖాళీ చేస్తారని ఎక్కడా లేదు. చెయ్యని జాతికి మా కాలనీలో రేపోమాపో గారని పేరు. రిజిస్ట్రేషన్ దాకా ఈయనంత మెత్తటి మనిషి ఉండడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసి, ఫొటోకి తలెత్తి, బ్యాంకు డీడీని లోపలి జేబులో పెట్టి పైనుంచి రెండుసార్లు తట్టి చూసుకున్నాక అసలు మనిషి బయటికొస్తాడు.

"సర్దుకుంటున్నాం బాబూ, రేపోమాపో..."

ఆషాఢంలో ఇల్లు కదలకూడదు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ఈ ఇంట్లోనే చేస్తానని వాళ్ళావిడ మొక్కుకుంది. భాద్రపదంలో పితృపక్షాలు. ఆపైన మూఢం. మూఢం లేనప్పుడు మనవడి పరీక్షలు. డీడీ అందుకున్న రోజు మాత్రం వర్జ్యం చూసిన గుర్తు లేదు.

కొన్నవాడు అటు అద్దె, ఇటు ఈఎంఐ కడుతూ, ఆదివారాలు సొంతింటికి చుట్టపుచూపుగా వెళ్ళొస్తుంటాడు. రేపోమాపో గారు కుర్చీ వేయిస్తాడు, కాఫీ ఇప్పిస్తాడు. "మీ బాత్రూంలో కుళాయి కారుతోందండీ, ప్లంబర్ని పంపుదురూ" అంటాడు. కొబ్బరికాయలు దింపినప్పుడు "మా చెట్టు", రిపేరొస్తే "మీ ఇల్లు".

చట్టం లేక కాదు. కొన్నవాడు అడిగితే స్వాధీనం ఇచ్చి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతూనే ఉంది. కానీ ఆయన లోపల దిండేసుకుని పడుకుని ఉండగానే, "ఈ రోజే ఖాళీ స్వాధీనం ఇచ్చితిమి" అని దస్తావేజులో అలవాటుగా రాసేస్తారు. కోర్టుకెళ్తే అవతలి వకీలు ముందు ఆ వాక్యమే చదువుతాడు.

ఈ జబ్బుకి మందు మా ఎదురింటి టీచరమ్మ దగ్గర దొరికింది. ఇల్లు కొన్నప్పుడు ఆవిడ దస్తావేజులో ఉన్నదున్నట్టు రాయించి, పక్కన ఇంకో ఒప్పందం పెట్టింది. ఫలానా తేదీకి తాళాలు. దాటితే రోజుకి రెండు వేలు. ఐదు లక్షలు తాళాలు చేతికొచ్చాకే. బ్యాంకు లోను రిజిస్ట్రేషన్ రోజే అమ్మినవాడికి వెళ్ళిపోతుంది గనక ఆ ఐదు లక్షలూ తన చేతిడబ్బులోంచే ఆపింది. "పోనీ, నెలకింత అద్దె ఇస్తాలెండి" అని ఆయన ఉదారంగా అంటే ససేమిరా అంది. అద్దె పుచ్చుకుంటే ఆయన అద్దెదారై కూర్చుంటాడు, అప్పుడు అదో వేరే కేసు.

"మనుషుల మీద నమ్మకం లేదా తల్లీ?"

"మీ మీద ఉందండీ, పంచాంగం మీదే లేదు."

గడువుకి ఒకరోజు ముందే లారీ వచ్చింది. నిండు ఆషాఢం, మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర, నిక్షేపంలాంటి రాహుకాలం. టీచరమ్మ జాబితా పట్టుకుని ఫ్యాన్లు, గీజరు, కుళాయిలు సరిచూసింది. కరెంటు బిల్లు, ఆస్తి పన్ను రసీదులు తీసుకుంది. పెరట్లోంచి చప్పుడొస్తే వెళ్ళి చూసింది. రేపోమాపో గారు కరివేపాకు చెట్టు మొదట్లో గునపం దింపుతున్నాడు.

"ఇది జాబితాలో లేదమ్మా."

"గొయ్యి పూడ్చే కూలి ఐదు లక్షల్లోంచి మినహాయిస్తాను."

ఆయన గునపం తీసుకెళ్ళి లారీలో పడేసి, వెనక్కొచ్చి నాలుగు రెమ్మలు తుంచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.