‘లైటు ఎల్గుతాంది గని’: విడిభాగాపణమనే టీక

మూలం:
“అన్నా, తొక్కితే లైటు ఎల్గుతాంది గని సప్పుడు వస్తలేదు.”

అవతారిక: కాజీపేటలో చర్చి కాయిర్‌కు గిటార్ వాయించే కుర్రవాడొకడు గిటార్ ధ్వనిని బొంగురు చేసే ఫజ్ పెడల్‌ను సొంతంగా చేసుకున్నాడు. సికింద్రాబాద్ బండెక్కి పోయి కోఠి గుజరాతీ గల్లీలో సరుకు కొన్నాడు: ట్రాన్సిస్టర్లు రెండు, రెసిస్టర్లు నాలుగు, కెపాసిటర్లు మూడు, తిప్పే నాబ్‌లు రెండు. 1966లో ఇంగ్లండులో ఆర్బిటర్ కంపెనీ గుండ్రటి డబ్బాలో పెట్టి అమ్మిన ఫజ్ ఫేస్‌లో కూడా ఇంతకు మించి ఏమీ లేదు. మనవాడి డబ్బా మాత్రం వాళ్ళమ్మ స్టీలు టిఫిను డబ్బా. దాన్ని బోర్లించి, పైకి వచ్చిన అడుగుకు రంధ్రాలు పొడిచి స్విచ్, నాబ్‌లు బిగించాడు. మూత కిందికి పోయింది. బిగించి, తొక్కి, పై వాక్యాన్ని రాత్రిపూట ఫోన్లో పంపాడు.

ఓరుగల్లుకు టీకలు కొత్త కాదు. ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’ అనే అలంకారశాస్త్ర గ్రంథం రాస్తే, దానికి మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి ‘రత్నాపణం’ అని టీక రాశాడు. రత్నాల అంగడి అన్నమాట. మన దగ్గర ఉన్నది రెసిస్టర్లు కనుక ఇది విడిభాగాపణం. తండ్రి మల్లినాథుడిది మెతుకుసీమలోని కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు మేమూ పాటిస్తాం. రెండోది కూడా పాటిస్తే పత్రికవారికి పేజీ నిండదు.

అన్నా: సంబోధన. వరంగల్‌లో ఇది చుట్టరికం కన్నా అవసరాన్ని ఎక్కువగా సూచిస్తుంది. ‘నువ్వే వచ్చి చూడు’ అని ధ్వని.

తొక్కితే: వాక్యానికి ప్రాణం ఈ చేదర్థకంలో ఉంది. తొక్కకుంటే గిటార్ మామూలుగా మోగుతోందని దీని భావం. అప్పుడూ మోగకపోతే కుర్రవాడు ఈ మాట వాడనే వాడడు. పెడల్ తొక్కనప్పుడు ధ్వని బోర్డు గడప తొక్కకుండా స్విచ్ మీదుగా తిన్నగా ఆంప్లిఫయర్‌కు పోతుంది. కాబట్టి గిటార్, వైర్లు, రెండు జాక్‌లు, ఆంప్లిఫయర్ అన్నీ నిర్దోషులు. సగం మంది నిందితులు ఒక్క మాటతో విడుదలయ్యారు. విసుగెత్తినవాళ్ళు ఈ మాట మింగేసి ‘పెడల్ పని చేస్తలేదు’ అని రాస్తారు. అలాంటి మూలానికి టీక రాయడం బ్రహ్మతరం కాదు.

లైటు ఎల్గుతాంది: పూర్వవ్యాఖ్యాతలు బోల్తా పడ్డది ఇక్కడే. ‘లైటు వెలిగింది, అంటే కరెంటు అంతటా పారుతోంది, కనుక ట్రాన్సిస్టరే పోయింది, మార్చు’ అని హనుమకొండలో టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన మతం. అది కుదరదు. స్విచ్‌కు తొమ్మిది కాళ్ళు, మూడేసి చొప్పున మూడు వరుసలు. ఒక వరుస లోపలికొచ్చే ధ్వనిది, ఒకటి బయటికి పోయేదానిది, మూడోది ఎల్ఈడీది. బ్యాటరీ దాటాక లైటు దారి వేరు, సప్పుడు దారి వేరు. (ప్రతాపరుద్రీయానికి కూడా తొమ్మిది ప్రకరణాలే. బ్యాటరీ తొమ్మిది వోల్టులు. ఇందులో గూఢార్థం ఉందనేవారితో మాకు పేచీ లేదు.) లైటు బ్యాటరీకి ప్రమాణం. ధ్వనికి కాదు.

ఇంకొకటి. గిటార్ గుచ్చే జాక్ స్టీరియోది; బ్యాటరీ మైనస్ తీగ దాని నడిమి రింగుకు అతికి ఉంటుంది. మామూలు ప్లగ్ గుచ్చితేనే ఆ రింగు గ్రౌండుకు కలిసి సర్క్యూట్ పూర్తవుతుంది. కాబట్టి లైటు వెలిగిందంటే ప్లగ్ పూర్తిగా లోపలికి దిగిందని అర్థాపత్తి. పగలు తినని దేవదత్తుడు లావెక్కుతుంటే రాత్రి తింటున్నాడని మీమాంసకులు పట్టింది ఈ దారినే. వాయించడం అయ్యాక ప్లగ్ పీకకపోతే బ్యాటరీ నీరసించడానికీ ఇదే కారణం.

గని: లైటుకూ సప్పుడుకూ కార్యకారణ సంబంధం ఉందని మూలకర్త నమ్మినట్టు ఈ ఒక్క అవ్యయం బయటపెట్టేసింది.

పాఠాంతరం: ‘సప్పుడు తునకలు తునకలుగ వస్తాంది’ అని బేస్ గిటార్ వాయించే మిత్రుడి పాఠం. ఇది ఒప్పుకుంటే కథే మారిపోతుంది. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర బ్యాటరీలో సగం, అంటే దాదాపు 4.5 వోల్టులు ఉండాలి. అది అటో ఇటో బాగా జరిగితే స్వరం చిట్లుతుంది. ఏసీ128 వంటి పాత జర్మేనియం ట్రాన్సిస్టర్లకు ఇది పుట్టుకతో వచ్చిన రోగం. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటిలో కారే కరెంటు సుమారు రెట్టింపవుతుంది. చలిదేశంలో సరిచేసిన పెడల్‌ను మే నెలలో ఓరుగల్లు డాబా మీద పెట్టి వాయించమంటే అది మొండికేయడంలో తప్పేముంది? కానీ మనవాడు వాడినవి బీసీ547 సిలికాన్ ట్రాన్సిస్టర్లు, ఎండను చాలావరకు ఓర్చుకునే జాతి. కనుక ఈ పాఠం గ్రాహ్యం కాదు.

ఆక్షేపం: ఫజ్ అంటేనే చెడిన ధ్వని కదా, చెడగొట్టే యంత్రం చెడిందని ఎలా చెబుతారు? మంచి ప్రశ్న. నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుండగా కన్సోల్‌లో ఒక చానల్ చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ బొంగురుపోయింది. దాన్ని తీసెయ్యకుండా ఉంచారు. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ బొంగురును కావాలని పుట్టించే సర్క్యూట్ కట్టాడు. 1962లో అది మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అంగట్లోకి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’లో వాడాక లోకమంతా అదే కావాలంది. ప్రతాపరుద్రీయంలో దోష ప్రకరణం అవగానే గుణ ప్రకరణం వస్తుంది. నాష్‌విల్‌లో రెండూ ఒకే రోజు జరిగాయి. అయినా బొంగురు వేరు, మౌనం వేరు. మౌనాన్ని గుణమనడానికి అలంకారశాస్త్రం ఇంకా ఎదగలేదు.

పరీక్ష: ఒక గిటార్ వైరును ఆంప్లిఫయర్‌కు తగిలించి, రెండో కొసకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించి, దాని కాలితో సర్క్యూట్‌లో ఒక్కో చోటా తాకుతూ పోవాలి. ధ్వని ఎక్కడ ఆగితే దోషం దానికి ముందే ఉంది. అలాగే చేయమన్నాం. అన్ని చోట్లా మోగింది. కలెక్టర్ దగ్గర మీటరు నాలుగున్నర చూపించింది. అంతలో మూలానికి ఉత్తరార్ధం వచ్చింది.

మూలం:
“మూత తీస్తె వస్తాంది, పెడితె పోతాంది.”

టీక: బోర్డు వెనక టంకం వేశాక కత్తిరించకుండా వదిలిన తోకల్లో, ఔట్‌పుట్ దారిది ఒకటి మూతకు తగులుతోంది. మూత స్టీలు, డబ్బా స్టీలు, డబ్బా గ్రౌండు. ధ్వని అంతా అటు దిగిపోయింది. లైటు దారి వేరు కనుక అది వెలుగుతూనే ఉంది. ‘తొక్కితే’లో శ్లేష కూడా ఇప్పుడు తేలింది: స్విచ్ నొక్కడం ఒక అర్థం, కాలి బరువుకు పల్చటి డబ్బా వంగి బోర్డును మూతకు అదమడం రెండో అర్థం. తోకలు కత్తిరించి, బోర్డుకూ మూతకూ మధ్య పాత శుభలేఖ ముక్క పెట్టమన్నాం. కుర్రవాడు ఉత్సాహంలో మూతనంతా టేపుతో చుట్టాడు.

మూలం:
“వచ్చింది గని గుయ్యిమంటాంది.”

టీక: టేపు అంచు మీద కూడా పడింది. మూతకు డబ్బాతో తాకిడి పోయి గ్రౌండు తెగింది. గ్రౌండు లేని ఇనుము ఇంటి కరెంటులోని 50 హెర్ట్జ్ రొదను ఏరుకుని పక్కనే ఉన్న బోర్డుకు అందిస్తుంది. అంచు మీది టేపు పీకాలి, లోపలిది ఉంచాలి.

మూలం:
“అన్నా, ఇప్పుడు మంచిగ మోగుతాంది గని ఫాదర్ అద్దంటాండ్రు.”

టీక: స్పష్టం.