నేను నీడింగ్ బ్లాక్‌ని

నేనుండేది ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్‌లో, అంటే రెండు స్క్రూలు తిప్పుతూ ప్లాస్టిక్‌ను కరిగించి కలిపే యంత్రంలో. అందులో నేను నీడింగ్ బ్లాక్‌ని, నలిపే ముక్కని. ఐదు ఉక్కు బిళ్లలు, ఒక్కోటి ముందున్నదానికంటే 45 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటాయి. అదే నా ఒళ్లు. నడిమి రంధ్రంలో పళ్లుంటాయి, వాటితో షాఫ్టుకు గుచ్చుతారు. పక్క షాఫ్టు మీద నా జంట. ఇద్దరం ఒకే దిక్కుకు తిరుగుతూ, ఒకరి ఒంటికి అంటుకున్నది మరొకరం గీకేసుకుంటాం.

మా వంశం జర్మనీది. బేయర్ ఇంజనీరు రుడాల్ఫ్ ఎర్డ్‌మెంగర్ మా ఆకారాలకు లెక్కలు కట్టాడు. 1950ల్లో స్టుట్‌గార్ట్‌లోని వెర్నర్ అండ్ ఫ్లైడరర్ కంపెనీ మా యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది.

అన్నంలో పచ్చడి కలిపినట్టే, మా కలపడంలోనూ రెండు పనులున్నాయి. పచ్చడి ముద్దను చిదమడం ఒకటి, చిదిమినదాన్ని అన్నమంతా పట్టించడం ఇంకొకటి. వెడల్పు బిళ్లలు మొదటిది బాగా చేస్తాయి, పలచనివి రెండోది. బిళ్లల మధ్య కోణం 30 నుంచి 60 డిగ్రీలకు పెరిగేకొద్దీ సరుకును ముందుకు నెట్టే శక్తి తగ్గుతుంది. 90 అయితే నెట్టడమే ఉండదు, నలపడమే. ఎదురు మరలున్న స్క్రూ ముక్క సరుకును వెనక్కి నెట్టి మమ్మల్ని నిండుగా ఉంచుతుంది. సగం ఖాళీగా ఉంటే మా పని సాగదు.

మా లేబొరేటరీకి ఒకసారి కంచిలి నుంచి కొబ్బరి పీచు వచ్చింది. ఉద్దానంలో కాయ ఒలిచాక మిగిలే సరుకది. దాన్ని పాలీప్రొపిలీన్‌లో కలిపి గుళికలు చేయాలన్నారు. మొదట రెండింటినీ కలిపి, సరుకు పోసే తొట్టి అయిన హాపర్‌లోనే పోసి, 90 డిగ్రీల వెడల్పు బిళ్లలు పెట్టారు. కరగని గుళికల మధ్య పీచు నలిగి పొడైంది. చివరి రంధ్రం, అంటే డై, నుంచి వచ్చిన తీగ ముదురు గోధుమ రంగులో, బుడగలతో, మాడు వాసనతో ఉంది. పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. 200 దాటితే పీచు చెడడం మొదలవుతుంది. గట్టిగా నలిపితే ఆ రాపిడి వేడికే హద్దు దాటిపోతుంది.

తర్వాత వరుస మార్చారు. హాపర్ కింద పెద్ద మరల స్క్రూలు, ఆపై నేను. నా దగ్గర ప్లాస్టిక్ ఒక్కటే కరగాలి. నన్ను దాటాక, ముందే ఆరబెట్టిన పీచును సైడ్ ఫీడర్ నుంచి వేశారు. దాని తర్వాత పలచని బిళ్లలు, ఆవిరి పోయే వెంట్, చివర ఒత్తిడి పెంచే చిన్న మరలు. ఈసారి తీగ నున్నగా వచ్చింది. విరిచి చూస్తే పోగులు పొడవుగానే ఉన్నాయి. బలమిచ్చేది ఆ పొడవే.

మా యంత్రం కొనేవారు మోటారు శక్తి, స్క్రూ పొడవు అడుగుతారు. షాఫ్టు మీద ఏ ముక్క, ఏ కోణంలో, ఏ వరుసలో ఉందో కూడా అడగండి. ప్లాస్టిక్‌లో రంగుపొడి కలపడానికి కుదిరిన వరుస కొబ్బరి పీచుకు కుదరదు.