స్లాబన్న

మా డివిజన్‌లో కార్పొరేటర్‌గా నిలబడ్డ అన్నకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. బ్యాలెట్ కాగితం మీద తప్ప దాన్ని ఎవరూ చూడలేదు. అందరికీ ఆయన స్లాబన్న. రెండు వీధుల అవతల కాంక్రీటు మిల్లర్ తిరుగుతుంటే, పాట వినగానే రాగం చెప్పేవాళ్లలా, అది ఎన్నో అంతస్తో చెప్పేస్తాడు.

2020 నవంబరు. అక్టోబరు వరద తెచ్చిన చెమ్మ గోడల మీద ఇంకా ఆరలేదు. డిసెంబరు 1న హైదరాబాదు కార్పొరేషన్ పోలింగు. స్లాబన్న నాలా గట్టున నిలబడి మైకు పట్టుకున్నాడు. ‘‘నాలాలు కబ్జా పెట్టినోళ్లను ఇడిసిపెట్టేది లేదు!’’ ఆయన వెనకున్న ఫ్లెక్సీ కట్టింది నాలా మీదికి పొడుచుకొచ్చిన రెండంతస్తుల ఇంటికి. అది సొంత బామ్మర్దిది. ఎవరో కుర్రాడు వేలు పెట్టి చూపించాడు. అన్న తడబడలేదు. ‘‘గది కబ్జా కాదు తమ్మీ. నాలానే ఇటు జరిగింది.’’

మాస్టర్ ప్లాన్‌లో జోన్లకు రంగులుంటాయి. అన్న జోన్లకు వేళలుంటాయి. పొద్దున బస్తీ. 75 గజాల లోపు జాగాలో ఇల్లు కట్టుకునేవాళ్లకు పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలనే టీఎస్ బీపాస్ పద్ధతి ఆ నెలలోనే మొదలైంది. అదంతా తన చలవే అన్నట్టు, ‘‘ఆ రూపాయి గూడ నేనే కడ్త అవ్వా’’ అన్నాడు. కిరాయి గుడిసె ముందు కూచున్న అవ్వ కొంగుముడి విప్పింది. ‘‘రూపాయి నా కాడున్నది బిడ్డా. నువ్వు జాగ సూపియ్యి.’’ అన్న దండం పెట్టి పక్క గుడిసెకు నడిచాడు.

మధ్యాహ్నం మా కాలనీ సంఘం. ‘‘పేదోనికి ఇల్లు కావాల్నా వద్దా?’’ కావాలని చప్పట్లు. రిటైరైన ఇంజనీరుగారు ఒకాయన లేచి, మన వెనకున్న సర్కారు జాగాలోనే కట్టించొచ్చు కదా అన్నారు. హాల్లో ఫ్యాను చప్పుడొకటే మిగిలింది. అన్న ఆ నిశ్శబ్దాన్ని చదివేశాడు. ‘‘గాడ పార్కు!’’ మళ్లీ చప్పట్లు. ‘‘మరి ఇళ్లు?’’ ‘‘కొల్లూరుల కడ్తున్నరు గద సార్, 15,660!’’ కొల్లూరు సంగారెడ్డి జిల్లాలో ఉంది. దూరం గుర్తొచ్చేసరికి చప్పట్లు రెట్టింపయ్యాయి. అక్కడి నుంచి మా ఇళ్లలో అంట్లు తోమడానికి ఎవరొస్తారని ఒకావిడ బెంగపెట్టుకుంటే, ‘‘బస్సు ఏపిస్త అక్కా’’ అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మా అపార్ట్‌మెంట్‌కు ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ ఒకటుంది. 2015లో దాని కోసం బీఆర్‌ఎస్ కింద అర్జీ పెట్టుకున్నాం. (బీఆర్‌ఎస్ అంటే అప్పటికి పార్టీ కాదు, అడ్డగోలుగా కట్టిన భవనాలను క్రమబద్ధం చేసే పథకం.) మాట్లాడితే అన్న చల్లని చూపు మా పైకప్పు దాకా వస్తుందేమోనని భయం.

అన్న అసలు విద్వత్తు రాత్రిపూట, బిల్డర్ల దగ్గర. హైదరాబాదులో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ హద్దు, అంటే జాగా కొలతకు ఇన్ని రెట్లే కట్టాలన్న లెక్క, లేదు. ఎంత ఎత్తు లేపొచ్చన్నది ప్లాటు సైజు, ముందున్న రోడ్డు వెడల్పు తేలుస్తాయి. ప్లాటు సాగదు. రోడ్డు సాగుతుంది. మా వీధి నడిచేవాళ్లకు 20 అడుగులు, బిల్డర్ టేపు పట్టుకుంటే 30, డ్రైనేజీ పైపు అడిగితే అసలు రోడ్డే కాదు. అన్న నోరు తెరిచి పైసలు అడగడని చెప్పుకోవాలి. ‘‘మన పోరగాళ్లు ఒచ్చిపోతరు’’ అంటాడంతే. వాళ్లు వచ్చిపోయిన ఖర్చు చదరపు అడుగు ధరలో కలిసిపోతుంది. ఫ్లాటు కొన్న గుమాస్తా దాన్ని ఇరవయ్యేళ్లు ఈఎంఐలో కడతాడు. ఆ గుమాస్తా ఇంటికే మళ్లీ కరపత్రం వస్తుంది, ‘అందరికీ అందుబాటులో ఇల్లు - ఇదే నా కల’ అని.

ప్రచారం ఆఖరి సాయంత్రం సభ మా స్టిల్ట్ పార్కింగ్‌లోనే పెట్టారు. కార్లన్నీ వీధిలోకి పోయాయి. అక్రమ కట్టడాల మీద అన్న గొంతు బాగా లేచింది. ‘‘ఒక్క ఇటుక, ఒక్క ఇటుక ఎక్కువ పెట్టినా...’’ అంటుండగా వెనక వీధిలో మిల్లర్ తిరగడం మొదలైంది. అన్న ఆగాడు. తల కొంచెం వంచి, కళ్లు మూసుకుని విన్నాడు.

‘‘నాలుగో స్లాబు’’ అన్నాడు పక్కనున్న కుర్రాడితో. ‘‘పర్మిషన్ మూడింటికే గద. ఉరుకు.’’

మైకు ఆన్‌లోనే ఉంది.