కారుకు కౌలెంతండీ?

ఎకరానికి సార్వాకు ఎన్ని బస్తాలు, దాళ్వాకు ఎన్ని, తుపాను కొడితే తగ్గింపు ఎంత? గోదావరి డెల్టాలో ఈ లెక్కకు కాగితం అక్కర్లేదు, అరుగు మీద కూర్చునే తేల్చేస్తారు. అదే డెల్టాలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు కొనాలా, లీజుకు తీసుకోవాలా అని అడిగితే మాత్రం ఆ తెలివి గట్టు దిగి వెళ్లిపోతుంది. లీజంటే కౌలే కదా. అరవై ఎకరాలు కౌలుకిచ్చి హైదరాబాదులో కాపురముండే ఆసామికి కౌలు కారెక్కడం మాత్రం నామోషీ!

సొంతానికి కొనడమే మేలన్నది భూమి నేర్పిన పాఠం. చేను యజమాని నిద్రపోతున్నా ధర పెంచుకుంటుంది. కారు షోరూము గేటు దాటగానే ధర దించుకుంటుంది. పెరిగేదాన్ని ఉంచుకుని, తరిగేదాన్ని కౌలుకు తీసుకోవడం ధర్మంగానే కనిపిస్తుంది. కానీ లీజు కంపెనీ ధర్మసత్రం కాదు. తరిగే విలువ, వడ్డీ, తన లాభం కలిపి నెలసరి అద్దెలో పెడుతుంది. పెద్ద హైబ్రిడ్‌కు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం, పూర్తి కరెంటు కారుకు 5. అద్దె మీదా అదే రేటు. ఇక మిగిలే ఆకర్షణ జీతగాడికి ఆదాయపన్నులో కాస్త ఊరట. వరి, కొబ్బరి రాబడికి ఆ పన్నే లేదు. లేని పన్ను తగ్గించుకోవడానికి నెలనెలా అద్దె కట్టడం ఎలాంటి పొదుపో లీజు ఏజెంటుగారే చెప్పాలి.

అసలు చిక్కు ప్లగ్ దగ్గరుంది. ప్లగ్-ఇన్ కారు రోజూ కరెంటు పెడితేనే పొదుపు. పెట్టకపోతే బ్యాటరీ బరువు మోసే పెట్రోలు బండి. యూరప్‌లో 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో సొంత ప్లగ్-ఇన్‌లు తిరిగిన దూరంలో దాదాపు 45 నుంచి 49 శాతం కరెంటు మీద నడిస్తే, కంపెనీ ఇచ్చిన కార్లు 11 నుంచి 15 శాతమే నడిచాయి. పెట్రోలు బిల్లు ఆఫీసు కడుతుంటే రాత్రిపూట తీగ పట్టుకుని తిరిగేదెవరు? పొలం కౌలులోనూ ఇదే కథ. మన ఆంధ్రప్రదేశ్ 2019 సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలు. అంత గడువు చేతిలో పెట్టి పొలానికి బలమని జనుము చల్లి కలియదున్నమంటే ఏ కౌలురైతు వింటాడు? వచ్చే ఏడాది ఆ బలం ఎవరి పంటకో. కాబట్టి కౌలా, సొంతమా అని అడిగేముందు ఇంధనం డబ్బు ఎవరి జేబులోదో అడగాలి. అది ఎదుటివాడి జేబైతే ప్లగ్‌కు డబ్బు పెట్టడం దండగ.

‘మా డబ్బే, మేం రాత్రిళ్లు తప్పక చార్జింగ్ పెడతామండీ’ అంటారా, ఆయ్, మంచిదే. రాజమండ్రి నుంచి కాకినాడ అరవై అయిదు కిలోమీటర్ల పైచిలుకు. వెళ్లేటప్పుడు కరెంటు, వచ్చేటప్పుడు పెట్రోలు అనుకోవచ్చు. అయితే ఏ కారు? గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లే గానీ వాటికి ప్లగ్ లేదు. ప్లగ్ ఉన్న బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్ఎమ్ 2022 డిసెంబరులో వచ్చినప్పుడే షోరూము ధర 2.60 కోట్లు, బరువు 2.7 టన్నులు. దాన్ని కోనసీమ కాలువగట్టు మీద నడిపేవాడు పెట్రోలు ఖర్చుకు బెంగపడతాడా? పడితే, రొయ్యల చెరువుకిచ్చే యూనిట్ రూపాయిన్నర కరెంటు మీదే కన్నేస్తాడు. ఏరేటర్ పక్కన ఎక్స్ఎమ్ కనిపిస్తే లైన్‌మన్ ఏ కేసు రాయాలో!

చివరికి లీజును ఓడించేది లెక్క కాదు, ఆర్‌సీ. అందులో లీజు కంపెనీ పేరుంటుంది. కట్నం నేరమని 1961 నుంచి చట్టం చెబుతున్నా పెళ్లికారు ఆగలేదు గనక, భీమవరం వియ్యంకుడు ముందు ఆర్‌సీ అడుగుతాడు. పత్రంలో బొంబాయి కంపెనీ పేరు చూశాక మైలేజీ ఎంతని అడగడు. గడువు తీరాక వెనక్కి వెళ్లేది కారొక్కటేనా అని అడుగుతాడు.