ఆనపపాదుకు పెళ్ళిళ్ళ పేరయ్య

మార్చి 31న రిటైరయ్యాను. మర్నాడు పొద్దున్నే, మిద్దె మీద కూరగాయలు పండిస్తానని ఇంట్లో ప్రకటించాను. తారీఖు చూసి ఎవరూ నమ్మలేదు.

హైదరాబాదులో మిద్దెతోట ఇప్పుడు కొత్త మాటేం కాదు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు తన ఇంటి మీద పండించి, దాని మీద పుస్తకమే రాసి, ఆ మాటను జనంలోకి తెచ్చారు. ఆయనలా కథలు రాయడం ఎలాగూ చేతకాలేదు, కాయలైనా కాయిద్దామనుకున్నాను.

రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, పైన గుప్పెడు వేపపిండి. కాగితం మీద రాసుకుంటే పులిహోర కలిపినంత తేలిగ్గా ఉంది. బస్తాలు రెండంతస్తులు ఎక్కించేసరికి అసలు సంగతి తెలిసింది. భూదేవికి ఓర్పెక్కువని అందరూ చెబుతారు గానీ, బరువెక్కువని ఒక్కరూ చెప్పరు.

తర్వాత జీవామృతం. ప్రకృతి వ్యవసాయం నేర్పిన సుభాష్ పాలేకర్ గారి లెక్క ఎకరానికి. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల ఆవుపేడ, గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. నాకున్నది ఎకరం కాదు, 18 కుండీలు. అందుకని పదో వంతుకు కుదించి బకెట్లో కలిపాను. పేడ కోసం పేటంతా తిరిగాను గానీ, శనగపిండి మటుకు మా వంటింట్లోదే. ఆ సాయంత్రమే అకాల వాన పడింది. మా ఆవిడకి పకోడీల మీద మనసు పోయింది. డబ్బా తీస్తే అడుగు కనబడింది.

“పిండేదండీ?”

“మొక్కలు తిన్నాయి.”

జీవామృతం పులవడానికి 48 గంటలు పడుతుంది. మా ఆవిడ కోపానికి అంత టైము అక్కర్లేకపోయింది.

ఇంత చేస్తే టమాటా పూత పూసినట్టే పూసి రాలిపోయింది. ఎండ 35 డిగ్రీలు దాటితే ఆ పూత నిలవడం కష్టమట. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయన్న సామెత తెలిసీ వేసవిలో నాటడం నా తప్పే. తోటకూర మాత్రం పాతిక రోజులకే కోతకొచ్చింది. మొదటి కోత మాది, రెండోది కోతులది.

మృగశిర రాగానే మా అమ్మ, “రెండు ఆనపగింజలు పారెయ్యరా” అంది. నాటమని కాదు, పారెయ్యమనే. కోనసీమలో మా పాక మీద పాదు అలాగే పాకేది. నేను మాత్రం 200 లీటర్ల డ్రమ్ము సగానికి కోయించి, అడుగున కన్నాలు పెట్టించి, పందిరి వేయించి, శాస్త్రోక్తంగా విత్తాను.

నెలన్నర తిరిగేసరికి పందిరి నిండా తెల్లపూలు. వారంలో అన్నీ వాడిపోయాయి, పిందె ఒక్కటీ లేదు. మా ఆవిడ దిష్టి అంది. ముప్పై ఏళ్ళు ఆఫీసుకి తిరిగి అరిగిన నా చెప్పు పందిరికి వేలాడింది. నా సర్వీసుకి దక్కిన గుర్తింపు అదొక్కటే.

వ్యవసాయ శాఖలో పనిచేసిన మిత్రుడొకడు ఫొటో చూసి నవ్వాడు. “ఇవన్నీ మగపూలోయ్! సన్నటి కాడ మీద వట్టి పువ్వుంటే మగది. పువ్వు కింద బుల్లి కాయ ఉంటే ఆడది. మొదటి తీగకి మగసంతానమే ఎక్కువ. దాని కొన తుంచు. పక్కనుంచి వచ్చే పిల్లతీగ కొన కూడా తుంచు. మనవరాలి తీగకి ఆడపూలొస్తాయి. దీన్ని త్రీజీ కటింగంటారు.”

“లోకమంతా ఫైవ్‌జీకి పోతే మీరింకా త్రీజీ కోస్తున్నారా?” అంది మా ఆవిడ.

మనవరాళ్ళొచ్చారు. వాళ్ళ పిందెలూ పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి. పెళ్ళి కావడం లేదన్నమాట. ఆనపపువ్వు పొద్దుగూకే వేళకి విచ్చుకుంటుంది. దాని సంబంధాలు కుదిర్చేది రాత్రిళ్ళు పూల మీద తిరిగే రెక్కల పురుగులు. అవి మా మిద్దె దాకా రావడం లేదు, వీధిదీపం దగ్గరే ఆగిపోతున్నాయి కాబోలు. పేరయ్య ఉద్యోగం నాకు పడింది.

పని చిన్నదే. మగపువ్వు తుంచి, రేకలు వలిచేసి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు నడిమధ్య మెల్లిగా రాయాలి. చిక్కంతా ముహూర్తంతోనే. రోజూ ఏడూ ఎనిమిదీ మధ్య, సరిగ్గా భోజనాల వేళకి. లుంగీ ఎగ్గట్టి, నుదుటికి టార్చిలైటు కట్టుకుని, పందిరి కింద వంగి ఉంటాను.

“ఏమండీ, చారు చల్లారిపోతోంది!”

“ఇంకో రెండు పెళ్ళిళ్ళున్నాయి!”

“మన అమ్మాయి సంబంధాలప్పుడు ఒక్కరోజు సెలవు పెట్టమంటే పెట్టారా?”

ఎదురు మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తున్న కుర్రాడు చాలాసేపు చూసి, “ఏమన్నా పోయిందా అంకుల్?” అని అడిగాడు. “పెళ్ళి చేస్తున్నా బాబూ” అన్నాను. మర్నాటి నుంచి వాళ్ళింట్లో బట్టలు చీకటి పడకముందే తీసేస్తున్నారు.

చేసిన పెళ్ళిళ్ళు 11. నిలిచినవి 9. రెండు వారాలు తిరిగేసరికి తొమ్మిదీ ఒక్కసారే కోతకొచ్చాయి. ఆగుదామంటే ముదిరిపోతాయి, గోరు దిగదు. పాలు పోసి కూర, పెసరపప్పు కూర, పులుసు, తొక్కు పచ్చడి, అట్లు, హల్వా. ఆరో రోజున మా అమ్మ, కాళ్ళు సాగదీసుకు వస్తానని చెప్పి, పక్కింట్లో బంగాళదుంప వేపుడు తినొచ్చింది.

గుమ్మంలోకి వచ్చిన కూరగాయల బండావిడ దగ్గర టమాటాలు కొని, “ఆనపకాయ తీసుకెళ్ళమ్మా, ఊరికేనే” అన్నాను.

“గిది సొరకాయ గద సార్! నా బండి మీద పదున్నయ్. ఇంక నేనేం జేసుకోవాలె?” అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

ఇది రాస్తున్న సాయంత్రానికి పందిరి మీద మరో ఏడు పిందెలు నిలబడ్డాయి. మా పేట వైపు వచ్చేవాళ్ళుంటే దయచేసి సంచీ తెచ్చుకోండి. ఆనపకాయ అనండి, సొరకాయ అనండి, మనిషికి రెండు మాత్రం పట్టుకెళ్ళాలి.