బ్రీడర్ పుంజు ఆత్మకథ

కోడిపుంజు వృషణాలు బయటికి కనబడవు. వెన్నెముక కింద, మూత్రపిండాలకు ఆనుకుని, 41 డిగ్రీల ఒంటి వేడిలోనే పనిచేస్తాయి. ఈ ఆత్మకథ చెప్పుకుంటున్న పుంజు రంగారెడ్డి జిల్లాలో ఒక బ్రాయిలర్ బ్రీడర్ ఫారంలో, బోనులో బతికింది. రిజిస్టరులో దానికి కాలి రింగు నంబరే తప్ప పేరు లేదు కాబట్టి తన గురించి కూడా ‘ఈ పుంజు’ అనే చెప్పుకుంటుంది.

వీర్యకణాలను పోషించే సెర్టోలి కణాలు పుంజుకు పిల్లప్రాయంలోనే, తొలి రెండు నెలల్లో వృద్ధి అవుతాయి. అప్పుడు మేత చాలకపోతే పెద్దయ్యాక ఎంత పెట్టినా ఆ లోటు పూడదు. ఈ పుంజుకు ఆ గండం తప్పింది.

వీర్యం తీసేది మధ్యాహ్నం మూడు దాటాక. ఒకరు కాళ్లు పట్టుకుంటే ఇంకొకరు వీపు మీంచి తోకదాకా నిమిరి, తోక పైకి ఎత్తి, మెల్లగా నొక్కుతారు. చిన్న గొట్టంలోకి అర మిల్లీలీటరు లోపే, పాలచుక్కల్లా పడుతుంది. రెట్ట కలిసిందా, పారబోయడమే. ఆ వేళే ఎందుకంటే, ఆ వీర్యం ఎక్కించాల్సిన పెట్టలు అప్పటికి చాలావరకు గుడ్డు పెట్టేసి ఉంటాయి. కడుపులో పెంకు గట్టిపడ్డ గుడ్డుంటే ఎక్కించిన వీర్యం సరిగా పైకి సాగదు. పెట్ట లోపలి సన్నటి నాళాల్లో వీర్యకణాలు వారం పైబడి బతకాలి.

ఆ బతుకంతా కణం చుట్టూ ఉన్న పలచటి పొర మీద ఆధారపడింది. అందులో బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. ఆబోతు వీర్యంలో ఒమేగా-3 రకం డీహెచ్‌ఏది పెద్ద వాటా అయితే, పుంజుకు ఒమేగా-6 రకాలైన అరాకిడోనిక్, డోకోసాటెట్రాయినోయిక్ ఆమ్లాలు ముఖ్యం. మొక్కజొన్న, సోయా మేతలో ఒమేగా-6కి కొదవ లేదు, కొరత ఒమేగా-3దే. అందుకే 45 వారాల వయసు దాటి ఫలదీకరణ తగ్గుతున్నప్పుడు ఈ పుంజు మేతలో చేప నూనె కలిపారు. అవిసె నూనె చవకే కానీ, దానిలోని లినోలెనిక్ ఆమ్లాన్ని కోడి ఒళ్లు డీహెచ్‌ఏగా మార్చుకునేది కొంచెమే.

చేప నూనెతో ఒక చిక్కుంది. కొవ్వు ఆమ్లంలో ద్విబంధాలు పెరిగేకొద్దీ ఆక్సిజన్ దాన్ని తేలిగ్గా పాడుచేస్తుంది. వీర్యకణంలో కణద్రవ్యం దాదాపు ఉండదు, తనను తాను బాగుచేసుకునే సరంజామా తక్కువ. విటమిన్ ఇ, సెలీనియం తగినంత లేకుండా నూనె ఒక్కటే పోస్తే మేలు కన్నా కీడే ఎక్కువ కావచ్చు. మే నెలలో ఒకసారి మూతి విప్పి వదిలేసిన మేత బస్తా నుంచి, నెలలు నిలవున్న అప్పచ్చుల డబ్బా తెరిచినప్పటి నూనె కంపు కొట్టింది. ఈ పుంజు ఆ పూట ముక్కు కూడా పెట్టలేదు.

నూనె మార్చిన వారంలోనే ఫలితం వెతకడం తొందరపాటు. వీర్యకణం తయారవడానికే సుమారు రెండు వారాలు, ఆపైన గుడ్డు పొదిగే రోజులు. పదో రోజున దీపానికి అడ్డంపెడితే ఎర్రటి నరాల అల్లిక కనబడిన గుడ్డు పిల్ల కట్టినట్టు; తేటగా ఉన్నది వట్టిది. అయితే నాలుగైదు పుంజుల వీర్యం కలిపి వాడతారు కాబట్టి, ఆ గుడ్లలో ఈ పుంజువి ఎన్నో రిజిస్టరులో ఉండదు.